మాడిన గిన్నె తోమేటప్పుడు

రోగికి జావ కాస్తూ మందులకని లేచి వెళ్తారు, ఈలోగా గిన్నె మాడుతుంది. వెంటనే ఇనుప పీచుతో గీకకండి. తెగిన తీగముక్కలు రేపటి జావలో కలుస్తాయి.

స్టీలు గిన్నె అయితే మాడు మునిగేలా నీళ్లు పోసి, 2 చెంచాల వంటసోడా వేసి 10 నిమిషాలు మరిగించండి. చల్లారాక కొబ్బరి పీచుతో తోమితే చాలు. మొండి మాడైతే రాత్రంతా నాననివ్వండి. అల్యూమినియం గిన్నె సోడాకు నల్లబడుతుంది. దానికి చింతపండు వేసి మరిగించి, ఆ నీళ్లు పారబోయండి.

తొందరపడి బ్లీచింగ్ పౌడరు మాత్రం వాడకండి. దానిపై చింతపండు పులుసో నిమ్మరసమో పడితే క్లోరిన్ వాయువు వెలువడి ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది. ఉబ్బసం ఉన్నవారికి మరీ ప్రమాదం. ఎప్పుడైనా అలాంటి ఘాటు వస్తే గిన్నె అక్కడే వదిలేసి, ముందు రోగిని బయటి గాలిలోకి తీసుకువెళ్లండి.