అధికారమునకు అందము అణకువ



సంఘాధ్యక్షునకు చదువు ముఖ్యమా, మాటకారితనము ముఖ్యమా అని మనలో తరచు చర్చ జరుగును. రెండును ఉండి అణకువ లేనిచో సంఘము రెండు జట్లగును. దీనికి దృష్టాంతము కొరకు దూరము పోనక్కరలేదు. మన పుదూరు వారెరిగిన విరుదునగరమే చాలును.

శ్రీ కామరాజు 1903 జూలై 15న ఆ ఊర జన్మించిరి. చిన్నతనముననే తండ్రి పోగా బడి మాని, మేనమామ బట్టల కొట్టులో పనిచేసిరి. 1954లో మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రియైరి. నాయకత్వమునకు వారితో పోటీపడినది శ్రీ సి. సుబ్రహ్మణ్యము, ఆయనను బలపరచినది శ్రీ ఎం. భక్తవత్సలము. గెలిచిన కామరాజు ఆ యిద్దరిని తమ మంత్రివర్గమునకే పిలిచిరి. ఆర్థిక, విద్యాశాఖలను సుబ్రహ్మణ్యముగారి చేతికిచ్చిరి. బడిపిల్లల మధ్యాహ్న భోజనము ఆ మంత్రివర్గపు కాలముననే, 1956లో మొదలైనది.

1963 అక్టోబరు 2న పార్టీ పని కొరకు ముఖ్యమంత్రి పదవిని తామే వదలిరి. 1967లో సొంత ఊరిలోనే ఒక విద్యార్థి నాయకుని చేతిలో 1,285 ఓట్ల తేడాతో ఓడిరి. అయినను ప్రజాసేవ మానలేదు; 1969లో నాగర్‌కోయిల్ నుండి పార్లమెంటుకు ఎన్నికైరి.

ఇక మన సంగతి. ఎన్నిక ముగియగానే ఓడిన జట్టువారికి నూలు ఆలస్యమైనచో, వారి గుడ్డకే తప్పులు పట్టి కూలి తగ్గించినచో ఏమగును? ఆ నేతగాడు మరల షావుకారు గడప తొక్కి బయానా తీసుకొనును. వాని మగ్గము సంఘమునకు పోయినట్లే. ఉత్పత్తి తగ్గి గెలిచినవారును నష్టపడుదురు.

అణకువ యనగా చేతులు జోడించుట మాత్రమే కాదు. నూలు పంపకపు వరుసను అందరు చూచునట్లు గోడపై వ్రాయవలెను. అధ్యక్షుని యింటి మగ్గమునకును ఆ వరుసయే. గుడ్డను నేసినవాని యెదుటనే కొలిచి తరము కట్టవలెను. కాదన్నవాని మాటనుగూడ తీర్మానముల పుస్తకమున చేర్చవలెను. బాకీ వసూలులో మాత్రము తనవారు, పెరవారు అను భేదము లేక గట్టిగా నుండవలెను. మెత్తదనము వేరు, అణకువ వేరు.

పడుగులో ఒక పోగు తెగినచో మగ్గము ఆపి అతుకుదుము గదా! అలిగి పోయిన సభ్యుని యింటికి అధ్యక్షుడే ముందుగా వెళ్లవలెను. అందువలన ఆయన గౌరవము తగ్గదు, సంఘము నిలుచును.