యుద్ధం పదమూడు రోజులు, ఎమర్జెన్సీ ఐదేళ్లు

పల్లెలో షావుకారు రాయించుకున్న ప్రాంసరీ నోటుకైనా మూడేళ్లకు కాలదోషం పడుతుంది. ఇందిరాగాంధీ ప్రభుత్వం రాసుకున్న అత్యవసర పరిస్థితికి అదీ లేకపోయింది.

1971 డిసెంబరు 3న పాకిస్తాన్ విమానాలు మన విమానాశ్రయాలపై బాంబులు వేశాయి. ఆ రాత్రే అత్యవసర పరిస్థితి ప్రకటించారు, వెంటనే భారత రక్షణ చట్టం తెచ్చారు. శత్రువు మీదపడ్డాడు కాబట్టి జనం కాదనలేదు. డిసెంబరు 16న ఢాకాలో పాక్ సేన లొంగిపోయింది. 1972లో సిమ్లా ఒప్పందమూ అయింది. ప్రకటన మాత్రం 1977 మార్చిదాకా ఎత్తలేదు!

మరి ఇన్నాళ్లూ ఆ చట్టం ఎవరి నెత్తిన పడింది? 1974 మేలో రైల్వే కార్మికులు బోనసు, ఎనిమిది గంటల పనిదినం అడిగి సమ్మెకు దిగితే, ఆ రక్షణ నిబంధనల కిందే సమ్మె చట్టవిరుద్ధమన్నారు. వేలమందిని జైళ్లలోకి తోశారు. క్వార్టర్లలోంచి ఆలుబిడ్డల్ని గెంటారు. ఇంజన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్ పాకిస్తాన్ సిపాయా?

1975 జూన్ 25 రాత్రి పెట్టిన ఎమర్జెన్సీయే మొదటిదని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు. కాదు, పాతది ఉండగానే దానిమీద ఇంకొకటి. తాళం మీద తాళమన్నమాట. పార్లమెంటు ఒకసారి ఊఁ అంటే చాలు, గడువు లేదు. ఆరు నెలలకోసారి మళ్లీ ఆమోదం పొందాలన్న షరతు 1978 నాటి 44వ సవరణతోగాని రాలేదు.