మందు కొట్టే పంపు: పాత మోడల్, కొత్త మోడల్

కార్ల పత్రికల్లో ఒక రకం వ్యాసం తరచూ కనిపిస్తుంది. పాత స్పోర్ట్స్ కారునూ, దానికే మెరుగులు దిద్ది వదిలిన కొత్త మోడల్‌నూ పక్కపక్కన నిలబెడతారు. ఇంజను నిజంగా మారిందా, లేక దీపాలూ రంగూ మార్చి ధర పెంచారా అని తేలుస్తారు. గుంటూరు, ప్రకాశం పత్తి, మిరప నేలల్లో స్పోర్ట్స్ కారు కొనేవాళ్లు ఎంతమంది ఉంటారో గానీ, ఇలా నిలదీయాల్సిన యంత్రం మాత్రం దాదాపు ప్రతి రైతు వసారాలోనూ ఉంది. అదే మందు కొట్టే పంపు. చిలకలూరిపేటలోనో నరసరావుపేటలోనో పురుగుమందుల కొట్టు ముందు నిలబడితే చేతి పంపు, బ్యాటరీ పంపు, తైవాన్ పంపు అన్నీ వరసగా కనిపిస్తాయి. ఇప్పుడు పైన డ్రోన్ కూడా ఎగురుతోంది.

వీపు పంపు పుట్టిల్లు ఫ్రాన్స్ ద్రాక్షతోటలు. 1880ల్లో అక్కడి తీగలకు బూజు తెగులు పట్టింది. మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో మిశ్రమం దానికి పనిచేస్తుందని పియర్ మిలార్దే 1885లో ప్రకటించాడు. మందు దొరికింది సరే, ఆకాకుకూ అంటించడం ఎలా? ఆ అవసరమే వీపున తగిలించుకునే పంపుకు గిరాకీ తెచ్చింది. విక్టర్ వెర్మొరెల్ అనే ఆయన కర్మాగారం ఈ పంపులకు పేరుమోసింది. విశేషమేమిటంటే ఆ కంపెనీ తర్వాత కార్లు కూడా తయారుచేసింది. ఆ కార్లు ఇప్పుడు మ్యూజియం వస్తువులు. పంపు రూపం మాత్రం మన రైతు వీపు మీద ఇంకా బతికే ఉంది.

చేతి పంపులో 16 లీటర్ల ట్యాంకు ఉంటుంది. ఎడమచేత్తో మీట ఆడిస్తుంటే పిస్టన్ మందునీళ్లను ఒక చిన్న గదిలోకి తోస్తుంది. అక్కడ చిక్కుకున్న గాలి నలిగి, తిరిగి నీళ్లను నెడుతుంటుంది. అందుకే మీట ఆగి ఆగి కదిలినా, కుడిచేతిలోని రాడ్డు చివర తుంపర కాసేపు ఆగకుండా వస్తుంది. నిమిషానికి పదిహేను, ఇరవై సార్లు ఆడిస్తేనే ఒత్తిడి నిలుస్తుంది. ఎకరానికి 200 లీటర్లు అనుకుంటే పన్నెండు, పదమూడు ట్యాంకులు. ఎకరం 4,047 చదరపు మీటర్లు కాబట్టి మీటరు వెడల్పున కొట్టుకుంటూ పోతే నాలుగు కిలోమీటర్ల నడక. అదీ ట్యాంకు నిండినప్పుడల్లా ఇరవై కిలోల దాకా బరువు మోస్తూ, కాళ్లకు అంటుకునే నల్లరేగడిలో. పదో ట్యాంకుకి చెయ్యి సడలుతుంది, ఒత్తిడి పడిపోతుంది, చుక్క లావవుతుంది. పొద్దున కొట్టిన సాళ్లకూ మధ్యాహ్నం కొట్టిన సాళ్లకూ మందు ఒక్కలా అందదు.

అసలు కథంతా ఆ చుక్కలోనే ఉంది. రాడ్డు చివరనున్న నాజిల్ మూత విప్పి చూస్తే లోపల ఏటవాలు గాళ్లున్న చిన్న బిళ్ల ఒకటి కనిపిస్తుంది. నీళ్లు దాని గుండా సుడి తిరిగి, సన్నని రంధ్రంలోంచి పలచని పొరగా విచ్చుకుని, గాలికి తెగి తుంపరవుతాయి. చుక్క అడ్డుకొలత సగమైతే ఘనపరిమాణం ఎనిమిదో వంతవుతుంది. అంటే అవే నీళ్లతో ఒక చుక్క చోట ఎనిమిది చుక్కలు. పెద్ద చుక్క ఆకు మీద పడి, పక్క చుక్కతో కలిసి జారి నేలపాలవుతుంది. అలాగని మరీ సన్నం చేస్తే ఇంకో చిక్కు. 100 మైక్రాన్ల చుక్క, అంటే ఇంచుమించు తలవెంట్రుక మందం ఉన్నది, కదలని గాలిలో మూడు మీటర్ల ఎత్తు నుంచి పది సెకన్లలో నేలకు దిగుతుంది. 20 మైక్రాన్ల చుక్కకు అదే దూరం దిగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. ఈలోగా అది ఎండకు ఆవిరైనా కావచ్చు, పక్కవాడి చేలో దిగినా దిగవచ్చు.

మందు ఆకు పైన పడితే చాలదని ఈ గుంటూరు, ప్రకాశం నేలకు తెలిసినంతగా మరో నేలకు తెలియదేమో. 1980ల మొదట్లో పత్తికి సింథటిక్ పైరిత్రాయిడ్లు అనే పురుగుమందులు వచ్చాయి. కొట్టగానే శనగపచ్చ పురుగు రాలిపోయేది. ఆ భరోసాతో తడవ మీద తడవ కొట్టారు. మిత్రపురుగులు కూడా చచ్చాయి. ఆకు అడుగున కూర్చుని రసం పీల్చే తెల్లదోమకు అదే అదనయింది. 1987 నాటికి శనగపచ్చ పురుగే పైరిత్రాయిడ్లకు లొంగడం మానేసిందని శాస్త్రవేత్తలు ఈ ప్రాంతంలో నమోదు చేశారు. 1987-88లో అప్పుల్లో మునిగిన పత్తి రైతుల ఆత్మహత్యలు ఇక్కడే జరిగాయి. ఆ ఏళ్లలో పంపులకూ లోటు లేదు, మందు డబ్బాలకూ లోటు లేదు. 2002లో బీటీ పత్తి వచ్చాక కాయతొలుచు పురుగుకు కొట్టడం తగ్గింది. రసం పీల్చే పురుగులు మాత్రం ఆకు అడుగునే ఉన్నాయి.

ఇక కొత్త మోడళ్లకు వద్దాం. బ్యాటరీ పంపులో మీట చోట 12 వోల్టుల బ్యాటరీ, చిన్న మోటారు, రబ్బరు పొరతో నడిచే పంపు వచ్చాయి. ఒత్తిడి నిండితే మోటారును ఆపే స్విచ్చి కూడా ఉంది. ఎడమచేతికి విశ్రాంతి దొరికింది, ఒత్తిడి ఒక్కలా ఉంటుంది. ఇది చిన్న మేలు కాదు. అయితే ట్యాంకు అదే, రాడ్డు అదే, చాలావాటికి నాజిల్ కూడా పాత రకమే. పైగా బ్యాటరీ బరువు రెండు, మూడు కిలోలు. ఛార్జింగు తగ్గేకొద్దీ మోటారు నెమ్మదిస్తుంది, చుక్క మళ్లీ లావెక్కుతుంది. కార్లవాళ్ల భాషలో చెప్పాలంటే ఇంజను మార్చి చక్రాలు పాతవే ఉంచారు.

తైవాన్ పంపుది ఇంకో దారి. పెట్రోలులో ఆయిలు కలిపి పోసే టూ స్ట్రోక్ ఇంజను బోలెడంత ఒత్తిడి ఇస్తుంది, పని తొందరగా తెములుతుంది. చెవులకు రొద, వీపుకు అదురు అదనం. సన్నని తుంపర ఎక్కువగా లేస్తుంది, కొట్టే మనిషి అందులోనే నడుస్తాడు. కూలికి ఇది మెరుగైన మోడల్ అని నేను ఒప్పుకోను.

డ్రోన్ సంగతి వేరు. ఇది పైపై మెరుగు కాదు, యంత్రమే కొత్తది. పది లీటర్ల ట్యాంకుతో ఎకరాన్ని పది నిమిషాలలోపే ముగిస్తుంది. 2021 ఆగస్టులో డ్రోన్ నిబంధనలు వచ్చాయి. అదే ఏడాది డిసెంబరులో డ్రోన్‌తో పురుగుమందు కొట్టే పద్ధతిపై కేంద్ర వ్యవసాయ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. 2023 నవంబరులో ఆమోదం పొందిన నమో డ్రోన్ దీదీ పథకం 15,000 మహిళా సంఘాలకు డ్రోన్లు ఇవ్వాలని పెట్టుకుంది. ధరలో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల రూపాయలు సాయం. ఈ సాయం సంఖ్య చూస్తేనే తెలుస్తుంది, ఇది ఒంటరి సన్నకారు రైతు కొనుక్కునే వస్తువు కాదని. అద్దెకు పిలిపించుకోవాల్సిందే.

డ్రోన్ చేసిన పెద్ద మేలు ఒక్కటే: మనిషిని తుంపరలోంచి బయటికి తెచ్చింది. ఆ ఒక్కదానికే దానికి నా ఓటు. కానీ లెక్క చూడండి. ఎకరానికి మందు మోతాదు అదే, నీళ్లు 200 లీటర్ల నుంచి పదికి తగ్గాయి. అంటే ట్యాంకులోని ద్రావణం ఇరవై రెట్లు చిక్కన. గాలి పెరిగిన పూట ఎగరేస్తే గట్టు అవతలి పశువుల మేత మీద పడేది ఆ చిక్కటి మందే. రెక్కల గాలి కొమ్మల్ని కదిపి కొన్ని చుక్కల్ని లోపలికి తోస్తుంది, నిజమే. అయినా గుబురుగా పెరిగిన మిరపలో ఎక్కువ మందు పై ఆకుల మీదే ఆగుతుంది.

ఏ మోడల్ ఎంతో తేల్చిన పరీక్ష 2021లో వచ్చింది. ఆ ఏడాది మిరప మీద నల్ల తామర పురుగు విరుచుకుపడింది. త్రిప్స్ పార్విస్పైనస్ అనే ఈ పురుగు మన దేశంలో మొదట 2015లో బెంగళూరులో బొప్పాయి మీద కనిపించింది. మామూలు తామర పురుగు ఆకులకు పై ముడత తెస్తుంది. ఇదేమో పూల లోపల దూరి కూర్చుంది. పూత రాలింది, కాయ నిలవలేదు. చేతి పంపు, బ్యాటరీ, తైవాన్ అన్నీ దిగాయి, వారంలో రెండు మూడు తడవలు కొట్టినవాళ్లున్నారు. చాలామంది చివరికి తోటలు దున్నేశారు. నీలి రంగు జిగురు అట్టలు పెట్టండి, మందులు అతిగా కొట్టకండి అని శాస్త్రవేత్తలు చెప్పిన మాటకు పంపుల కొట్టులో అమ్ముడయ్యే మోడల్ లేదు.

కాబట్టి నా తీర్పు ఇది. ఎత్తుగా, ఏపుగా పెరిగిన పత్తికి, పైపై తెగుళ్లకు డ్రోన్. ఆకు అడుగున, పూలలో ఉండే పురుగుకు రాడ్డు వంచి మొక్కమొక్కనూ చూసుకుంటూ కొట్టగలిగిన బ్యాటరీ పంపు. మిగతా డబ్బు నాజిళ్ల మీద పెట్టండి. కాలవలోంచి తోడిన మట్టినీళ్లు నాజిల్ రంధ్రాన్ని అరగదీస్తాయి. అడ్డుపడినప్పుడు తుమ్మముల్లుతో పొడిస్తే ఇంకా పాడవుతుంది. నోటితో ఊదితే మందు నోట్లోకే పోతుంది. ఉత్త నీళ్లు పోసి, కొత్త నాజిల్‌తో ఒక నిమిషం, పాతదానితో ఒక నిమిషం కొలత డబ్బాలోకి కొట్టి చూడండి. పాతదాంట్లో నూటికి పది వంతులు ఎక్కువ వస్తే, పంపు ఏ మోడలైనా సరే, ఆ నాజిల్ తీసి పారేయండి.