గ్లాసు ఖాళీ చేయక్కర్లేదు బాస్!

మన ఊళ్లలో ‘వైన్స్’ అని పెద్ద బోర్డు ఉన్న చోట విస్కీ దొరుకుతుంది, బీరు దొరుకుతుంది. అసలు వైన్ అడిగి చూడండి. కౌంటర్ వెనక కుర్రాడు మిమ్మల్ని ఎగాదిగా చూసి, పై అరలోంచి దుమ్ము పట్టిన సీసా ఒకటి దించుతాడు. అందుకే మనలో చాలామందికి వైన్ అంటే ఇంకో రకం మందు, అంతే. ఆ లెక్కతోనే నాసిక్ ద్రాక్షతోటలకి వెళ్తే ఏమవుతుందో నాకు బాగా తెలుసు. వెళ్లినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి.

రెండేళ్ల కిందట, ఫిబ్రవరిలో. ఐదుగురం హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాం. ముందు షిర్డీ దర్శనం, అక్కణ్నుంచి తొంభై కిలోమీటర్లు పోతే నాసిక్. (ఇంట్లో షిర్డీ వరకే చెప్పాం. అది వేరే సంగతి.) వైనరీలో బల్ల మీద వరసగా గ్లాసులు పెట్టి, ఒక్కో వైన్ గురించి చెప్తూ అడుగున కొంచెం కొంచెం పోస్తున్నారు. మావాడొకడు మొదటిది ఒక్క గుక్కలో లాగేసి, ‘ఇంతేనా అన్నా? నిండా పొయ్యి’ అన్నాడు. నాలుగో గ్లాసుకి వాడి గొంతు హాలంతా వినిపిస్తోంది. పక్క బల్ల దగ్గరి పెద్దాయన, ఆయన భార్య లేచి దూరంగా వెళ్లి కూర్చున్నారు. ఆరో సీసా మా దాకా రాలేదు. పోసేవాడు నవ్వుతూనే దాన్ని వెనక్కి పెట్టేశాడు.

అసలు గొడవ పార్కింగ్‌లో. తాళాలు నా దగ్గర ఉన్నాయి. ‘టేస్టింగే కదా’ అనుకుని ఐదు గ్లాసులూ నేనూ మింగేశాను.

ఈ లెక్క ఒకసారి చూడండి. టేస్టింగ్‌లో ఒక్కో గ్లాసుకి సుమారు 30 మిల్లీలీటర్లు పోస్తారనుకుందాం. ఆరు రకాలైతే 180. అంటే బార్‌లో ఇచ్చే ఒక గ్లాసు వైన్ కంటే ఎక్కువే. అందులో ఆల్కహాల్ 13 శాతం దాకా ఉంటుంది. మన దేశంలో బండి నడిపేవాళ్లకి పరిమితి 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు. ఖాళీ కడుపుతో ఉన్న సన్నటి మనిషికి అది దాటడానికి ఆ ఆరు చుక్కలే చాలు. 2019 సవరణ తర్వాత మొదటిసారి దొరికినా పది వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, ఒక్కోసారి రెండూ. దొరక్కపోతే జరిగేది ఇంకా ఘోరం కావచ్చు. ఆ రోజు కారు అక్కడే వదిలేసి, క్యాబ్ పిలిపించుకుని హోటల్‌కి చేరాం. పొద్దున్నే మళ్లీ క్యాబ్ కట్టుకుని వెళ్లి కారు తెచ్చుకున్నాం.

మాకెవ్వరికీ తెలియని సంగతి ఒకటుంది. బల్ల మీద ఒక చిన్న బకెట్ లాంటిది పెట్టి ఉంది. మేం ఐస్ కోసమేమో అనుకున్నాం. అది ఉమ్మడానికి! నోట్లో తిప్పి, రుచి చూసి, అందులో ఉమ్మేయాలి. గ్లాసులో మిగిలింది కూడా అందులోనే ఒంపేయొచ్చు. రోజుకి పదులకొద్దీ రకాలు రుచి చూసే నిపుణులు చేసేది అదే. మింగితే పదో రకానికే నాలుక పనిచేయదు మరి. నలుగురిలో ఉమ్మడం మనకి మొరటు పని. ఇక్కడ మాత్రం ఎవరూ తప్పుగా అనుకోరు. ఒలికించుకుంటామని భయమైతే ముందు రోజు రాత్రి వాష్‌బేసిన్ దగ్గర మంచినీళ్లతో ప్రాక్టీస్ చేయండి. నవ్వకండి, నేను చేశాను.

వెళ్లే ముందు

కోత కాలం చూసుకోండి. యూరప్‌లో ద్రాక్ష కోసేది సెప్టెంబర్, అక్టోబర్‌ల చుట్టూ అయితే, నాసిక్‌లో జనవరి నుంచి మార్చి దాకా. వానాకాలంలో కొండలు పచ్చగా అందంగానే ఉంటాయి గానీ తీగలకి గుత్తులుండవు. జనవరి 26 లాంగ్ వీకెండ్ కదా అని టికెట్లు కొనేయకండి, ఆ రోజు డ్రై డే. వయసు చూపే కార్డు జేబులో ఉండాలి. శని, ఆదివారాలైతే ముందే బుక్ చేసుకోవాలి. సూలా వాళ్లు 2005లో టేస్టింగ్ రూమ్ తెరిచిన నాటి నుంచి ఇప్పటిదాకా నాసిక్‌లో ఈ సరదా బాగా పెరిగింది, వారాంతాల్లో రద్దీ మామూలుగా ఉండదు.

కడుపు నింపుకుని వెళ్లండి. ఇడ్లీ, పెరుగన్నం, ఏదైనా సరే, ఆవకాయ మాత్రం ఆ పూటకి వద్దు. మండుతున్న నాలుకకి ఏ వైనైనా ఒకటే. కాఫీ, సిగరెట్, కిళ్లీ, పుదీనా చూయింగ్ గమ్ కూడా అంతే. ఘాటైన సెంటు కొట్టుకోకండి. తలలో మల్లెపూలు కూడా వద్దనే చెప్తాను, పాపం. మీ వాసన మీకు అలవాటైపోతుంది, పక్కవాళ్లకి గ్లాసులో ఏముందో తెలియకుండా పోతుంది.

బల్ల దగ్గర

గ్లాసు కాడ పట్టుకోండి. గిన్నె భాగాన్ని అరచేత్తో పట్టుకుంటే వైన్ వేడెక్కుతుంది. గాల్లో తిప్పడం రాకపోతే గ్లాసుని బల్ల మీదే ఉంచి గుండ్రంగా జరపండి, మీద పోసుకోకుండా ఉంటారు. వాసన చూడండి, చిన్న గుటక తీసుకుని నోరంతా తిప్పండి. పేరు పలకలేకపోతే సీసా చూపించి ‘ఇది’ అంటే చాలు. అక్కడ ఎవరూ వెక్కిరించరు. వెక్కిరిస్తే ఆ వైనరీ మీకు తగినది కాదు.

మాటలు రావేమో అని కూడా బెంగ వద్దు. రెడ్ వైన్ తాగాక నాలుక బిగదీసినట్టు అవుతుంది చూడండి, దాన్ని చెప్పడానికి ఇంగ్లిష్‌వాళ్లు తంటాలు పడతారు. మనకి ఉగాది పచ్చడి నుంచీ తెలుసు, వగరు. నేరేడుపండు తిన్నాక నిలిచేది అదే. షిరాజ్‌లో మిరియాల ఘాటు తగలొచ్చు. అనిపించింది అనిపించినట్టు చెప్పండి. నచ్చకపోతే ‘ఛీ’ అనకుండా బకెట్లో ఒంపేయండి. నచ్చింది కదా అని ‘ఇంకొంచెం’ అని గ్లాసు చాపకండి, కావాలంటే సీసా కొనుక్కోవచ్చు. కొని తీరాలనే రూలేం లేదు. ఒకటి రెండు సీసాలు ఊరికి తెచ్చుకోవాలంటే మాత్రం రాష్ట్రం దాటించే ముందు ఎక్సైజ్ నిబంధనలు తెలుసుకోండి.

తోటలోకి తీసుకెళ్లినప్పుడు గుత్తులు తెంపి నోట్లో వేసుకోకండి. మందు కొట్టి ఉండొచ్చు, పైగా అది రైతు పంట. అవి హైదరాబాద్ అనాబెషాహీలా పెద్దగా, కండగా ఉంటాయనుకుంటే నిరాశే. చిన్న కాయలు, మందం తోలు, లోపల గింజలు. రెడ్ వైన్‌కి రంగూ వగరూ వచ్చేది ఎక్కువగా ఆ తోలు నుంచే.

గ్రూపులో తాగనివాళ్లుంటే దయచేసి ‘ఒక్క సిప్’ అని వెంటపడకండి. పోయినేడాది మళ్లీ వెళ్లినప్పుడు పుణెలో ఉద్యోగం చేస్తున్న మా పిన్ని కూతురు వచ్చింది. తను అసలు ముట్టదు. కారు తాళాలు తనకే ఇచ్చేశాం. మాతో పాటే బల్ల దగ్గర నిలబడి, ప్రతి గ్లాసూ వాసన చూసి పక్కన పెట్టేసింది. సోవిన్యాన్ బ్లాంక్ వచ్చినప్పుడు మేమంతా నిమ్మ, పైనాపిల్ అంటూ వెతుక్కుంటుంటే, ‘జామకాయ అన్నయ్యా, దోరది’ అంది.

పోసే ఆవిడ చేతిలో సీసా అలాగే పట్టుకుని ఆగింది. ఇంకేం వచ్చిందని హిందీలో అడిగింది. మా చెల్లి మళ్లీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్లు మూసుకుని, ‘పచ్చి క్యాప్సికం’ అంది. ఆ తర్వాత మిగతా మూడు సీసాలకీ ముందు గ్లాసు తన చేతికే వచ్చింది.