పూలతో ఫ్రెంచి ఓనమాలు

మే 1న ఫ్రాన్సులో ఏ వీధి మలుపులో చూసినా బుల్లి పూలగుత్తులు అమ్ముతుంటారు. చిన్న కాడకు వరసగా వేలాడే తెల్లని గంటల్లాంటి పూలు. పేరు ముగే. అంతా శుభం జరగాలని అయినవాళ్లకు ఓ రెమ్మ ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. ఫ్రెంచి కొత్తగా నేర్చుకునేవాళ్లకూ ఆ రెమ్మ బాగా పనికొస్తుంది. ‘ల ముగే ఎ బ్లాఁ’... ముగే తెల్లగా ఉంటుంది. ‘ఈల్ సాఁ బోఁ’... మంచి వాసన వస్తుంది. పువ్వును వర్ణించడం అయిపోయింది!

చిక్కల్లా రెండో పువ్వుతోనే. మార్గరీత్ కూడా తెల్లదే. కానీ ‘లా మార్గరీత్ ఎ బ్లాంష్’ అనాలి. ముగే పుంలింగం, మార్గరీత్ స్త్రీలింగం మరి. మనకు మల్లెయినా మందారమైనా ‘అది’. వాళ్లకు గులాబీ, తులిప్ ‘ఆమె’లు, మల్లె, లిల్లీ, పొద్దుతిరుగుడు ‘అతడు’లు. ఇంతా చేస్తే పువ్వు అనే మాట, ‘ఫ్లర్’, స్త్రీలింగం! ఇందులో తర్కం వెతకడం దండగ. ‘తూర్నసోల్ అంటే పొద్దుతిరుగుడు’ అని కాకుండా ‘ల తూర్నసోల్’ అని ముందున్న ముక్కతో సహా నోటికి పట్టించుకోవడమే దారి.

ఎరుపు (రూజ్), పసుపు (జోన్) లింగాన్ని బట్టి మారవు. అందుకే తొలిపాఠం గులాబీతోనో పొద్దుతిరుగుడుతోనో మొదలుపెడితే హాయి.

తెలుగువాళ్లు ఎక్కువగా తడబడేది మాటల వరుస దగ్గర. మనం ‘తెల్ల పువ్వు’ అంటాం. ఫ్రెంచిలో పువ్వు ముందు, రంగు వెనక: ‘యూన్ ఫ్లర్ బ్లాంష్’. పోనీ విశేషణాలన్నీ వెనకే వస్తాయా అంటే అదీ కాదు. చిన్న, అందమైన లాంటివి మాత్రం ముందుకొచ్చి కూర్చుంటాయి. ‘యూన్ పెతీత్ ఫ్లర్ బ్లాంష్’... చిన్న తెల్ల పువ్వు. ఈ ఒక్కటి తడుముకోకుండా వచ్చిందంటే వ్యాకరణం పుస్తకంలో రెండు అధ్యాయాలు గట్టెక్కినట్టే.

సాధనకు తోట లేకపోయినా ఫర్వాలేదు. క్లోద్ మోనే 1873లో వేసిన ‘కోక్లికో’ చిత్రం చాలు. గడ్డివాలు నిండా ఎర్రని గసగసాల పూలు, గొడుగు పట్టుకున్న స్త్రీ, పక్కన పిల్లవాడు. ‘లే కోక్లికో సోఁ రూజ్’ అని మొదలెట్టి, ఆకాశం, గడ్డి, గొడుగు అంటూ పోతే పది వాక్యాలు ఇట్టే పుడతాయి.

వాక్యం కుదిరితే సరిపోదు, పువ్వు మర్యాద కూడా తెలియాలి. ‘ల క్రిజాంతెమ్ ఎ జోన్’... చేమంతి పచ్చగా ఉంటుంది. తప్పేం లేదు. మనం దసరాకు గుమ్మాలకు కట్టే ఆ చేమంతుల్ని వాళ్లు నవంబరు 1 వచ్చిందంటే సమాధుల మీద పెడతారు. ఫ్రెంచి వాళ్లింటికి భోజనానికి వెళ్లేటప్పుడు చేమంతులు మాత్రం పట్టుకెళ్లకండి.