చెడు రక్తం పోతోందని ఊరుకోవద్దు

కాన్పు ఆడదానికి మరో పుట్టుక అంటారు. బిడ్డ భూమ్మీద పడుతుంది. మాయ పడుతుంది. గండం గడిచిందని ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అందరి కళ్ళూ బిడ్డ మీదే ఉంటాయి. తల్లి సంగతి ఎవరికీ పట్టదు.

కాని గండం అప్పుడే పూర్తిగా గడవదు. కాన్పు తర్వాత ఎక్కువగా రక్తం పోవడం వల్ల ఏటా ఎందరో తల్లులు చనిపోతున్నారు. ప్రపంచంలో కాన్పు సంబంధమైన చావులకు ఇదే పెద్ద కారణం. వీటిలో చాలా చావులను ఆపవచ్చు. సమయానికి గుర్తుపడితే చాలు.

గుర్తుపట్టడానికి పెద్ద చదువు అక్కర్లేదు. అంకెలు వస్తే చాలు.

రక్తం ఎందుకు పోతుంది?

కడుపులో ఉన్నంతకాలం బిడ్డకు తిండి, గాలి మాయ ద్వారానే అందుతాయి. మాయ గర్భసంచి గోడకు అతుక్కుని ఉంటుంది. కాన్పు అయ్యాక అది ఊడి వస్తుంది. ఊడిన చోట అరచేయంత పుండు మిగులుతుంది. ఆ పుండు నుంచే రక్తం కారుతుంది.

మరి అది ఎలా ఆగుతుంది? గర్భసంచి పిడికిలి బిగించినట్టు బిగుసుకుంటుంది. దాంతో రక్తనాళాలు నొక్కుకుపోతాయి. రక్తం తగ్గుతుంది. కాన్పు అయిన రోజున బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి చూస్తే గర్భసంచి గట్టి బంతిలా తగులుతుంది. రోజుకు సుమారు ఒక వేలు వెడల్పు చొప్పున కిందికి దిగుతుంది. 10 నుంచి 14 రోజులకు ఇక చేతికి తగలదు. ఆరు వారాలకు దాదాపు పాత సైజుకు వస్తుంది.

బిడ్డకు పాలిచ్చేటప్పుడు పొత్తికడుపులో నొప్పి వస్తుంది. రెండో కాన్పు, మూడో కాన్పు వాళ్ళకు ఇంకా ఎక్కువగా వస్తుంది. గర్భసంచి బిగుసుకోవడం వల్ల వచ్చే నొప్పి అది. భయపడకూడదు. పాలిస్తే బిడ్డకూ మంచిది, తల్లికి రక్తం తగ్గడానికీ మంచిది.

"చెడు రక్తం పోతోంది, పోనీ" అని పెద్దవాళ్ళు అంటుంటారు. ఒంట్లో మంచి రక్తం వేరు, చెడు రక్తం వేరు అని రెండు లేవు. ఉన్నది ఒకటే రక్తం. కొంత పోవడం సహజం. ఎక్కువగా పోతే ప్రాణానికే ముప్పు.

ఎన్ని రోజులు పోతుంది? ఏ రంగులో పోతుంది?

మొదటి 3, 4 రోజులు ఎర్రగా పోతుంది. నెలసరి కంటే కాస్త ఎక్కువగా ఉంటుంది. చిన్న చిన్న గడ్డలు కూడా పడవచ్చు.

ఆ తర్వాత 10వ రోజు దాకా రంగు మారుతుంది. ముందు లేత ఎరుపు, తర్వాత గోధుమ రంగు అవుతుంది.

10 రోజులు దాటాక పసుపుగానో తెల్లగానో కొంచెం కొంచెం అవుతుంది. ఇది నాలుగు వారాల నుంచి ఆరు వారాల దాకా ఉండవచ్చు.

అందరికీ ఒకేలా ఉండదు. ఒకరికి మూడు వారాల్లో ఆగితే ఇంకొకరికి ఆరు వారాలు పట్టవచ్చు. కాని అందరికీ పనికొచ్చే సూత్రం ఒకటుంది. రక్తం రోజురోజుకీ తగ్గాలి. ఎరుపు రోజురోజుకీ తగ్గాలి. మధ్యలో మళ్ళీ పెరగకూడదు.

పడుకుని లేచినప్పుడు, పాలిచ్చేటప్పుడు ఒక్కసారిగా కొంచెం ఎక్కువ రావచ్చు. కాసేపటికి తగ్గిపోతుంది. బిందెలు మోసినా, బట్టలు ఉతికినా మళ్ళీ ఎర్రగా కనపడవచ్చు. "ఇంకా పనికి తొందరపడకు" అని ఒళ్ళు చెబుతోందన్న మాట. విశ్రాంతి తీసుకుంటే తగ్గాలి. తగ్గకపోతే ఆస్పత్రిలో చూపించుకోవాలి.

ఆపరేషన్ కాన్పు అయినవాళ్ళకు కూడా ఇలాగే రక్తం పోతుంది. లోపలి పుండు ఇద్దరికీ ఒకటే. జాగ్రత్తలూ ఒకటే.

గుడ్డలు లెక్కపెట్టండి

"చాలా పోతోందా?" అని అడిగితే ఒకరు చాలా అంటారు, ఇంకొకరు కొంచెమే అంటారు. సిగ్గుపడి కొందరు అసలు చెప్పరు. మాట తేడా రావచ్చు గాని లెక్క తేడా రాదు.

ఒక క్యాలెండరు, ఒక పెన్సిలు మంచం దగ్గర పెట్టుకోండి. గుడ్డ మార్చినప్పుడల్లా ఆ రోజు గడిలో ఒక గీత గీయండి. సాయంత్రం రంగు కూడా రాయండి. అన్నీ ఒకే సైజు గుడ్డలు అయితే లెక్క సరిగా ఉంటుంది. బాగా తగ్గుతున్న తల్లి లెక్క ఇలా ఉండవచ్చు:

2వ రోజు – 6 గుడ్డలు – ఎరుపు
5వ రోజు – 4 గుడ్డలు – లేత ఎరుపు
8వ రోజు – 3 గుడ్డలు – గోధుమ
13వ రోజు – 2 గుడ్డలు – పసుపు

అంకెలు ఎలా దిగుతున్నాయో చూడండి. మీ అంకెలు కూడా ఇలా దిగుతూ పోవాలి. శుభ్రత కోసం పూర్తిగా తడవకపోయినా గుడ్డ మార్చాల్సిందే. అలాంటప్పుడు గీత పక్కన చుక్క పెట్టుకోండి.

ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం.

కోడలికి కాన్పు అయ్యి 9 రోజులు. "రెండు రోజుల నుంచి మళ్ళీ ఎర్రగా కనపడుతోంది అత్తమ్మా" అంది.

"చెడు రక్తం పోనీవే. లోపల ఉండిపోతే మంచిది కాదు. నలుగుర్ని కన్నాను, నాకు తెలీదూ?" అంది అత్త.

ఆ మధ్యాహ్నం ఆశా కార్యకర్త వచ్చింది. "పెద్దమ్మా, నిన్న ఎన్ని గుడ్డలు మార్చింది?" అని అడిగింది.

"గుడ్డలు ఎవరు లెక్కపెడతారమ్మా!" అంది అత్త.

కోడలు తలగడ కింద నుంచి క్యాలెండరు తీసింది. 6వ రోజు 3 గీతలు. 7వ రోజు 4. 8వ రోజు 6. 9వ రోజు మధ్యాహ్నానికే 7. ఆశా కార్యకర్త కోడలి ఒంటి మీద చెయ్యి వేసి చూసింది. ఒళ్ళు కాలిపోతోంది.

"చూడు పెద్దమ్మా, తగ్గాల్సింది పెరుగుతోంది" అని క్యాలెండరు చూపించింది.

అత్తకు చదవడం రాదు. కాని గీతలు లెక్కపెట్టడం వచ్చు. వేలు పెట్టి ఒక్కొక్కటే లెక్కపెట్టింది. ఏడు దగ్గర ఆగింది. "బండికి ఫోన్ చెయ్యమ్మా" అంది.

ఆస్పత్రిలో చూస్తే లోపల చిన్న మాయ ముక్క ఉండిపోయింది. దాన్ని తీశారు. మందులు ఇచ్చారు. కోడలు బిడ్డతో ఇంటికి వచ్చింది.

ఎప్పుడు వెంటనే ఆస్పత్రికి వెళ్ళాలి?

ఈ కింది వాటిలో ఏ ఒక్కటి కనపడినా ఆగవద్దు:

1. గంటకే గుడ్డ గాని ప్యాడ్ గాని పూర్తిగా తడిసిపోవడం.
2. కోడిగుడ్డంత, అంతకంటే పెద్ద గడ్డలు పడడం.
3. తగ్గిన రక్తం మళ్ళీ ఎర్రగా, ఎక్కువగా రావడం.
4. కుళ్ళు వాసన రావడం.
5. జ్వరం, చలి, పొత్తికడుపులో తగ్గని నొప్పి.
6. కళ్ళు తిరగడం, గుండె దడ, చల్లటి చెమట, ముఖం పాలిపోవడం.

మాయ ముక్క లోపల ఉండిపోయినా, గర్భసంచి గట్టిగా బిగుసుకోకపోయినా, లోపల చీము పట్టినా ఇలా అవుతుంది. మొదటి రోజే రావచ్చు. ఇంటికి వచ్చాక రెండు, మూడు వారాలకు కూడా రావచ్చు. ఆరు వారాలు దాటినా రక్తం ఆగకపోతే, మిగతా ఇబ్బంది ఏమీ లేకపోయినా, డాక్టరుకు చూపించాలి.

బండి వచ్చేలోగా ఏం చేయాలి?

108కి ఫోన్ చేయండి. ఈ బండ్లు మన దగ్గర 2005లో మొదలయ్యాయి. డబ్బు కట్టనక్కర్లేదు. అర్ధరాత్రి అయినా ఫోన్ చేయవచ్చు. తెల్లారనీ అని ఆగకూడదు.

తల్లిని వెల్లకిలా పడుకోబెట్టండి. కాళ్ళ కింద దిండ్లు పెట్టి ఎత్తుగా ఉంచండి. దుప్పటి కప్పండి. మూత్రం పోయించండి. మూత్రం నిండి ఉంటే గర్భసంచి బిగుసుకోదు. తల్లికి తెలివి ఉంటే బిడ్డను రొమ్ముకు పట్టించండి. కాన్పు అయిన రోజే అయితే బొడ్డు కింద చెయ్యి పెట్టి చూడండి. మెత్తగా ఉంటే, గట్టిపడే దాకా గుండ్రంగా రుద్దండి.

తడిసిన గుడ్డలు పారేయవద్దు. ఒక సంచిలో వేసి తీసుకెళ్ళండి. ఎంత రక్తం పోయిందో డాక్టరుకు తెలుస్తుంది. గీతలు గీసిన క్యాలెండరు, తల్లీబిడ్డల కార్డు కూడా తీసుకెళ్ళండి. రక్తం ఇవ్వగలిగిన వాళ్ళు ఇద్దరు వెంట ఉంటే మంచిది.

లోపల గుడ్డలు, ఆకు మందులు కుక్కకూడదు. ఊళ్ళో ఎవరిచేతనో సూది వేయించుకుని ఊరుకోకూడదు.

ఖర్చుకు భయపడవద్దు. ప్రభుత్వ ఆస్పత్రుల్లో కాన్పుకు డబ్బు తీసుకోకూడదని 2011లో జననీ శిశు సురక్షా కార్యక్రమం మొదలైంది. మందులు, పరీక్షలు, రక్తం, ఆస్పత్రిలో తిండి, రానూపోనూ బండి ఉచితం. ఇది దయగా ఇచ్చేది కాదు. మీ హక్కు.

పోయిన రక్తం మళ్ళీ పట్టాలి

2019-21లో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే జరిగింది. 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో రక్తం తక్కువగా ఉన్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 100కి సుమారు 59 మంది. తెలంగాణలో సుమారు 58 మంది. అసలే తక్కువ ఉన్న ఒంట్లోంచి మళ్ళీ పోతే ఆ తల్లి తట్టుకోలేదు. అందుకే రక్త పరీక్ష చేయించుకోండి. "నా రక్తం ఎంత ఉంది?" అని అడిగి ఆ అంకె కార్డు మీద చదవండి. 12 గాని, పైన గాని ఉండాలి. 7 కంటే తగ్గితే చాలా ప్రమాదం.

కాన్పు తర్వాత 180 రోజులు ఐరన్ మాత్రలు వేసుకోవాలి. రోజుకు ఒకటి. ఇవి ఉచితంగా ఇస్తారు. మాత్ర వేసుకున్నాక నిమ్మరసం తాగితే ఒంటికి బాగా పడుతుంది. మాత్రకు ముందు గంట, తర్వాత గంట టీ తాగవద్దు. కాల్షియం మాత్ర ఇంకో వేళ వేసుకోవాలి. విరేచనం నల్లగా అవుతుంది. దానికి భయపడి మానేయవద్దు. డాక్టరు ఎక్కువ మాత్రలు రాస్తే ఆయన చెప్పినట్టే వాడండి.

పత్యం పేరుతో బాలింత కడుపు మాడ్చకూడదు. కారప్పొడి, వెల్లుల్లి పెట్టండి, తప్పు లేదు. కాని అవే సరిపోవు. తోటకూర, మునగాకు, పప్పు, రాగి జావ, పల్లీలు, గుడ్డు, చేప, కార్జం – ఇంట్లో ఏది వీలైతే అది పెట్టండి. జామ, ఉసిరి మంచివి. "నీళ్ళు తాగితే పొట్ట పెరుగుతుంది" అంటారు. పెరగదు. దాహం వేసినప్పుడల్లా తాగాలి. రక్తం పట్టడానికి, పాలు పడడానికి నీళ్ళు కావాలి. అంగన్‌వాడీలో బాలింతకు ఇచ్చే తిండి బాలింతే తినాలి.

శుభ్రత, విశ్రాంతి

మెత్తటి నూలు గుడ్డలు వాడాలి. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. సిగ్గుపడి చీకటి మూలన ఆరేస్తే క్రిములు చావవు. నాలుగు గంటలకో, ఆరు గంటలకో ఒకసారి మార్చాలి. మార్చే ముందు, మార్చిన తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. రక్తం పూర్తిగా ఆగే దాకా, ఆరు వారాలు దాటే దాకా భార్యాభర్తలు కలవకూడదు. ఈ మాట భర్తకు కూడా చెప్పాలి.

బరువులు ఎత్తడం, కూలికి పోవడం ఆరు వారాలు ఆగాలి. "పనికి పోకపోతే పొయ్యి వెలగదు" అనే ఇళ్ళు ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంట్లో ఆ ఆరు వారాలు బిందె మగవాడు మోయవచ్చు. పక్కింటివాళ్ళు, సంఘం సభ్యులు తలా ఒక పని అందుకోవచ్చు.

ఆస్పత్రిలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42 రోజులకు ఆశా కార్యకర్త ఇంటికి వస్తుంది. ఇంట్లో కాన్పు అయితే మొదటి రోజు కూడా వస్తుంది. ఈ తేదీలు కూడా క్యాలెండరులో గుర్తు పెట్టుకోండి. రాకపోతే కబురు చేయండి. వచ్చినప్పుడు సిగ్గుపడకుండా గీతలు చూపించండి.

చర్చించండి

1. మీ ఊళ్ళో బాలింతకు ఏమేమి పెట్టరు? ఎందుకు పెట్టరు?
2. రక్తం ఎక్కువగా పోయి ఇబ్బంది పడినవాళ్ళు మీకు తెలుసా? అప్పుడు ఇంట్లో వాళ్ళు ఏమన్నారు?

రాయండి

1. ఆశా కార్యకర్త ఫోన్ నంబరు, 108 నంబరు పెద్ద అంకెల్లో రాసి గోడకు అంటించండి.
2. మీ వీధిలో బాలింత ఉంటే ఆమెకు ఒక క్యాలెండరు, ఒక పెన్సిలు ఇవ్వండి. గీతలు గీయడం చూపించండి. ఆమె అత్తకు కూడా చూపించండి.