సభకు వచ్చిన అతిథికి ఏమి చూపవలెను?

సభలు జరుగుట కరీంనగరు సీమకు క్రొత్త కాదు. నిజాము రాష్ట్ర ఆంధ్ర మహాసభ నాల్గవ సమావేశము 1935లో మాడపాటి హనుమంతరావుగారి అధ్యక్షతన సిరిసిల్లలో జరిగినది. నేటికిని ఉపాధ్యాయ సభలు, సాహిత్య సదస్సులు జరుగుచునే యున్నవి. ప్రతినిధులు దూరము నుండి వత్తురు, ఉపన్యాసములు విందురు, భోజనము చేసి, శాలువ కప్పించుకొని, రాత్రి బండి యెక్కుదురు. వారు చూచినది సభాభవన మొక్కటే. అట్టి భవనము ఏ యూరనైనను ఉండును.

తెలుగు సభకు వచ్చినవారికి ఇచట మొదట చూపవలసినది ఒక గుట్ట. గంగాధర మండలములోని కురిక్యాల చెంత బొమ్మలమ్మ గుట్ట కలదు. దాని బండపై చక్రేశ్వరీదేవి, జినుల ప్రతిమలు చెక్కబడి యున్నవి. అచటనే సంస్కృత, కన్నడ, తెలుగు భాషలలో ఒక శాసనము కలదు. దానిని వేయించినవాడు జినవల్లభుడు. కన్నడ ఆదికవి పంపనికి తమ్ముడు. కాలము పదవ శతాబ్ది నడిమి భాగము. అన్న కన్నడమున కావ్యము రచింపగా, తమ్ముడు మూడు భాషలలో శిల వ్రాయించెను. అందు మూడు తెలుగు కందపద్యములు కలవు. అనగా నన్నయ భారతమునకు ఇంచుమించు నూరేండ్లకు పూర్వమే ఈ బండపై కందము వెలసినది.

పంపనికి ఆశ్రయమిచ్చిన అరికేసరి రాజధాని వేములవాడ. కోడె మొక్కులకు పేరుపొందిన రాజరాజేశ్వర క్షేత్రము అదియే. కరీంనగరు నుండి సుమారు 35 కిలోమీటర్లు. ఒక్క పూటలో గుట్టను, క్షేత్రమును చూచి రావచ్చును. మరియొక పూట మిగిలినచో, 1905 వరకు జిల్లా కేంద్రముగా నుండిన ఎలగందల కోట కలదు.

ఇక భోజనము. ఎల్లెడల దొరకు వంటకములతో పాటు సర్వపిండిని వడ్డింపవలెను. బియ్యపు పిండిలో నువ్వులు, నానిన శనగపప్పు, కారము, కరివేపాకు కలిపి, నూనె పూసిన సర్వ లోపల పలుచగా అద్ది, వ్రేలితో చిల్లులు పెట్టి, సన్నని సెగపై కాల్తురు. పాత్ర పేరే వంటకు వచ్చినది. తోడుగా అన్నములోనికి పొయ్యి యెక్కని పచ్చిపులుసు.

జ్ఞాపికగా ప్లాస్టిక్ ఫలకమేల? కరీంనగరు పనివారు వెండిని సన్నని తీగెగా సాగదీసి, మెలిపెట్టి, నెమళ్ళను, అత్తరుదానులను అల్లుదురు. అది వ్యయమనిపించినచో, తేలికయైన పొణికి కర్రతో చేసిన నిర్మల బొమ్మ నీయవచ్చును.

సాయంకాలమునకు ఒగ్గుకథ చాలును. ఒగ్గు అనగా డమరుకము. దానిని మ్రోగించుచు బీరప్ప, మల్లన్నల కథలు చెప్పుదురు. ఆదిలాబాదు గోండుల గుస్సాడి మాట వేరు. అది దీపావళి వేళల దండారి పండుగకు చెందినది. నెమలి యీకల కిరీటము ధరించువారు నియమములు పాటింతురు. దానిని పది నిమిషముల వేదిక వినోదముగా కుదించుట తగదు. సభ ఆ ఋతువున జరిగినచో, గూడెపు పెద్దల అనుమతితో అతిథులనే అచటికి తీసికొనిపోవలెను.

ఇది వినోదము మాట మాత్రమే కాదు. కరీంనగరు గ్రానైటుకు విదేశములందు గిరాకి కలదు. ఈ సీమలో ఎన్నియో గుట్టలు దిమ్మెలై ఓడలెక్కినవి. చూచువారు లేని రాతికి వెల కట్టువాడు వర్తకుడొక్కడే. 2008లో తెలుగునకు ప్రాచీన భాషా ప్రతిపత్తి లభించినపుడు మనము సంతోషించితిమి. ఆ ప్రాచీనతకు సాక్ష్యమైన గుట్టను మనలో నెందరు చూచితిమి?

కావున సభానిర్వాహకులైన ఉపాధ్యాయులకు ఒక మనవి. కార్యక్రమ పత్రములో ఒక పూట ఖాళీగా ఉంచుడు. అతిథులతో పాటు మీ విద్యార్థులను కురిక్యాలకు తీసికొనిపొండు. కంద లక్షణమును నల్లబల్లపై నేర్చిన పిల్లలు, ఆ మూడు పద్యములను గుట్ట యెదుట నిలిచి చదివి, గణములు విభజించి అతిథులకు చూపుదురుగాక.